పేరు మార్చనన్న డెట్రాయిట్ అన్న

డెట్రాయిట్ డౌన్‌టౌన్ అంటేనే మా బావకి నీరసం. ఆ రోజు ఏదో మ్యాచ్ ఉందట, పార్కింగ్‌కి నలభై డాలర్లు అడిగారు. తిట్టుకుంటూ ఎక్కడో దూరంగా కారు ఆపి, వుడ్‌వర్డ్ రోడ్డు మీద క్యూలైన్ ట్రామ్ ఎక్కాం. అది ఉచితం కాబట్టి బావ మొహం కాస్త తేటపడింది.

ఇక్కడి పాత పాటల కంపెనీ మోటౌన్ మ్యూజియం గురించి చాలామంది రాసేశారు, బాగుంటుంది, వెళ్లండి. తర్వాత వానకి తలదాచుకోవడానికి దూరిన పాత రికార్డుల కొట్టు గురించి చెప్పాలి. లోపల గిటారు ఉరుకులు పరుగులుగా మోగుతోంది. ఎవరిదని అడగడమే ఆలస్యం, కౌంటర్ దగ్గరి పెద్దాయన పని ఆపేసి మొదలుపెట్టాడు.

బ్యాండ్ పేరు డెత్. డేవిడ్, బాబీ, డ్యానిస్ హాక్నీ అనే ముగ్గురు నల్లజాతి అన్నదమ్ములు. 1975లో ఇదే ఊళ్లో, యునైటెడ్ సౌండ్ స్టూడియోలో ఏడు పాటలు రికార్డు చేశారు. పంక్ అనే వేగం రాక్‌కి ఆద్యులుగా చెప్పుకునే రామోన్స్ బ్యాండ్ తొలి ఆల్బమ్ వచ్చింది ఆ మరుసటి ఏడాది! తాగి బండి నడిపినవాడి వల్ల తండ్రి పోయాక డేవిడ్ పెట్టిన పేరది. పేరు మారిస్తే కాంట్రాక్టు ఇస్తామని పెద్ద రికార్డుల కంపెనీ ఆశ పెట్టినా డేవిడ్ ఒప్పుకోలేదు. చివరికి సొంత ఖర్చుతో ఒక సింగిల్ (వైపుకో పాట ఉండే చిన్న రికార్డు) 500 కాపీలు వేసుకున్నారు. రేడియోలో పెద్దగా మోగలేదు. వెర్మాంట్ రాష్ట్రానికి వెళ్లి భక్తి రాక్ పాడారు, ఆ తర్వాత తమ్ముళ్లు జమైకా సంగీతం రెగేలోకి దిగారు.

"మారిస్తే పోయేదేముంది? మన హీరోలు న్యూమరాలజీ చూసి అక్షరాలు కలుపుకోవట్లేదా?" అన్నాడు బావ తెలుగులో. నాకెందుకో కోపం వచ్చింది. తండ్రి కోసం పెట్టుకున్న పేరు కదా అన్నాను. "తమ్ముళ్ల సంగతేంటి మరి?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. తమ్ముళ్లిద్దరూ మార్చేద్దామనే అన్నారట.

ఆ సింగిల్ కోసం రికార్డులు పోగుచేసేవాళ్లు వందల డాలర్లు పెట్టడం మొదలయ్యాక, బాబీ కొడుకులు తమ నాన్న గొంతుని గుర్తుపట్టారు. 2009లో డ్రాగ్ సిటీ అనే రికార్డుల కంపెనీ ఆ ఏడు పాటల్నీ ఆల్బమ్‌గా తెచ్చింది. ప్రపంచం ఈ పాటల్ని వెతుక్కుంటూ వస్తుందని టేపులు తమ్ముళ్ల చేతిలో పెట్టిన డేవిడ్ 2000లోనే క్యాన్సర్‌తో పోయాడు.

ఆ ఆల్బమ్ ముప్పై డాలర్లు. అరగంట కూడా లేదు, నిమిషానికి డాలరు దాటుతుందని బావ లెక్క తేల్చాడు. కొన్నాను. ఇంట్లో రికార్డ్ ప్లేయర్ లేదన్న సంగతి దారంతా గుర్తుచేస్తూనే ఉన్నాడు.