సున్నపు చావడికి సిమెంటు పెట్టకండి: మా ఊరి పాత కట్టడం బాగుచేయడంలో నా అనుభవం

నెల్లూరు జిల్లా కోవూరు వైపు మా ఊళ్లో గానుగలో నూరిన సున్నంతో కట్టిన పాత చావడి ఉంది. 18 అంగుళాల ఇటుక గోడలు, టేకు దూలాలు, పైన మద్రాసు మిద్దె, అంటే దూలాల మీద దంతెలు (చిన్న వాసాలు), వాటి మీద సన్నిటుక, ఆపైన సున్నం కలిపిన ఇటుక జల్లి వేసి కొట్టిన కప్పు. దాన్ని ఊరి పిల్లలు చదువుకునే గదిగా మార్చాలనుకున్నాం. ఇలాంటి పని తలపెట్టేవాళ్ల కోసం వరస ప్రకారం రాస్తున్నాను.

ముందు కాగితాలు. స్థలం గ్రామ కంఠంలో (ఊరి ఇళ్ల కోసం వదిలిన భూమిలో) ఉన్నా సరే, కట్టడం ఎవరిదో రాతపూర్వకంగా తేలాలి. గ్రామసభ తీర్మానంలో "మరమ్మతు" అని స్పష్టంగా రాయించండి. "అభివృద్ధి" అని రాస్తే అది కూల్చి స్లాబు వేయడం దాకా పోతుంది. మాకు మొదట ఇచ్చిన అంచనా కూల్చివేతకే. సున్నం పనికి అందులో పద్దే లేదు. అందుకే గోడలు, మిద్దె చందాలతో చేశాం. కరెంటు, మరుగుదొడ్డి, ర్యాంపు మాత్రం పంచాయతీ నిధుల్లో పెట్టాం.

పని మొదలైంది గోడ దగ్గర కాదు, వీధిలో. సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసి వీధిని ఎత్తు చేశారు. వాన నీళ్లన్నీ చావడి పునాదిలోకి ఇంకుతున్నాయి. గోడ కింది నుంచి మూడడుగుల ఎత్తు దాకా చవుడు పట్టడానికి అసలు కారణం అదే. చుట్టూ 2 అడుగుల వెడల్పున మట్టి తీసి, బయటికి వాటం పెట్టి, నీళ్లు కాలువలోకి మళ్లించాం. ఇది చేయకుండా గోడకు ఎంత ఖర్చు పెట్టినా మళ్లీ రాలుతుంది.

తర్వాత పాత మరమ్మతులో పూసిన సిమెంటు. ఇటుక, సున్నం తేమను పీల్చి బయటికి వదులుతాయి. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. తేమ లోపలే నిలిచి, ఉప్పు గడ్డకట్టి, ఇటుకను పొట్టుపొట్టుగా రాలుస్తుంది. బ్రేకర్ మిషన్ వాడితే ఇటుక ముఖమే ఊడొస్తుంది కాబట్టి సన్న ఉలితో అంచు నుంచి లేపించాం. పైకి తేలిన ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి. నీళ్లతో కడిగితే మళ్లీ గోడలోకే పోతుంది. ఫిబ్రవరిలో ఒలిచి, ఎండాకాలమంతా గోడలు ఆరనిచ్చాం. ఇక్కడ తొందర పడితే మిగతా పనంతా దండగ.

ఆ వ్యవధిలోనే గుంట తవ్వి సున్నం నానబెట్టాం. జల్లెడ పట్టిన ముద్ద కనీసం మూడు వారాలు నీటి కింద ఊరాలి. నీళ్లలో పూర్తిగా విరగని సున్నపు గడ్డ ఒక్కటి ఉన్నా పూత మీద బొబ్బలా లేచి పగులుతుంది. ఇసుక పెన్నదే వాడండి. సముద్రపు పాయల ఇసుకలో ఉప్పుంటుంది.

గోడలో దూరిన దూలాల కొసలను స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాం. రెండు కొసల్లోకి మెత్తగా దిగింది. దూలాల కింద సర్వి (సరుగుడు) బాదులు ఊతంగా నిలబెట్టి, కుళ్లిన మేర కోసి, ఏటవాలు అతుకు వేసి బోల్టులు బిగించాం. అతుకు పొడవు దూలం లోతుకు మూడింతలు ఉండాలి. కొస చుట్టూ గాలాడేలా అంగుళం సందు వదలాలి. సందు లేకపోవడం వల్లే అవి కుళ్లాయి.

మిద్దె పని జూలైలో. 24 అడుగులకు 15 అడుగులు, అంటే 360 చదరపు అడుగులు. దంతెల మీది సన్నిటుక గట్టిగానే ఉంది, పైపొర ఒక్కటే పోయింది. 5 పాళ్ల ఇటుక జల్లికి 2 పాళ్ల సున్నం కలిపి 5 అంగుళాల మందాన పరిచాం. కొట్టాక 4 అంగుళాలకు దిగింది. 15 అడుగుల మేర 3 అంగుళాల వాటం. 60 లీటర్ల నీళ్లలో కిలోముప్పావు బెల్లం, కిలో కరక్కాయలు వేసి కాచిన నీళ్లు చల్లుతూ కొయ్య పలకలతో ఏడు రోజులు కొట్టించాం. పలక దెబ్బకు అచ్చు పడకుండా ఎగిరి రావాలి, అదే గుర్తు. మూడో రోజుకే చాలన్నారు కూలీలు. అక్కడ ఒప్పుకోకండి, మధ్యలో ఆపిన మిద్దె నెర్రెలిస్తుంది. తర్వాత పది రోజులు తడి గడ్డి కప్పాం. సున్నం గాలి తగిలి మెల్లగా గట్టిపడుతుంది. ఎండకు చప్పున ఆరితే పిండిలా రాలుతుంది.

గోడ పూతకు సున్నం 1, ఇసుక 2, మెత్తని ఇటుక పొడి 1. ఇటుకల మధ్య సందులు ముప్పావు అంగుళం లోతున గీకి, మూడు పొరలుగా వేయించాం. రంగుల దుకాణంలో ప్లాస్టిక్ పెయింటు అంటగట్టబోతారు, అదీ సిమెంటులాగే ఊపిరాడనివ్వదు. వెల్ల చాలు.

మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తడిపని సెప్టెంబరు లోపల ముగియాలి. ర్యాంపు చివర్లో కట్టాం. రోడ్డు నుంచి గడప ఎత్తు అడుగు, కాబట్టి పొడవు 12 అడుగులు; అంతకంటే కురచ చేస్తే చక్రాల కుర్చీ ఎక్కదు. మిద్దె మీది తూములు ఏటా వినాయక చవితి నాటికి శుభ్రం చేసే పని చావడి తాళాలున్న వాళ్లదేనని తీర్మానం పుస్తకంలో రాయించాం.