గ్రూపులో పడ్డ తప్పు లెక్క

మా మండలం టీచర్ల వాట్సాప్ గ్రూపు పొద్దున్నే గుడ్‌మార్నింగ్ పువ్వులతో మొదలవుతుంది. మధ్యాహ్నానికి డీఏ ఎప్పుడు, పీఆర్సీ ఏమైంది అనే చర్చ, సాయంత్రానికి 'మోస్ట్ అర్జెంట్' అంటూ ఏదో ఒక ప్రొఫార్మా. అందులో పాఠం గురించి ఒక్క మాట కనపడితే ఆ రోజు పండగే.

నాకు ఇంకో గ్రూపు కూడా ఉంది. పదకొండు మందిమి, అందరం హైస్కూల్ లెక్కల టీచర్లమే, ఒక ట్రైనింగులో భోజనాల దగ్గర పరిచయమైనవాళ్ళం. ఫార్వర్డులు పెట్టకూడదు. పిల్లల నోటుబుక్కులో తప్పు కనపడితే, పేరు కనపడకుండా ఫొటో తీసి పెట్టాలి. అంతే.

నేను పెట్టిన మొదటి ఫొటో ఆరో తరగతి పిల్లాడిది. 1/2 + 1/3 = 2/5. సర్వీసులో చేరినప్పటి నుంచి చూస్తున్న తప్పే, ఎర్ర ఇంకుతో కొట్టేసి పక్కన 'కసాగు' అని రాసి వదిలేసే రకం. ఫొటో కింద ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పక్క మండలంలో పనిచేసే మేడమ్ వాయిస్ మెసేజ్ పెట్టారు: "సార్, కొట్టేసే ముందు అది ఎలా వచ్చిందో వాణ్ణి అడిగారా?"

అడగలేదు. మర్నాడు అడిగాను. "రెండు మ్యాచ్‌ల్లో ఒకటి గెలిచాం, తర్వాత మూడింట్లో ఒకటి గెలిచాం, అంటే ఐదింట్లో రెండే కదా సార్!" అన్నాడు. మ్యాచ్‌ల వరకూ వాడిదే కరెక్టు! ఒకే రొట్టెని ముక్కలు చేసి కలపడం వేరే సంగతని వాడికి ఎవరూ చెప్పలేదు, నాతో సహా. "సగం రొట్టెకి ఇంకో ముక్క కలిపితే సగం కంటే తగ్గిపోయిందేంట్రా?" అంటే తల గోక్కుంటూ నిలబడ్డాడు, కాసేపటికి తనే జవాబు చెరిపేశాడు.

అధికారిక కోర్సుల్ని తీసిపారేయడం లేదు. 2017లో దీక్షా అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక వచ్చింది, పుస్తకాల్లో క్యూఆర్ కోడ్లొచ్చాయి, 2020లో కోవిడ్ పుణ్యమా అని టీచర్లకిచ్చే నిష్ఠా ట్రైనింగు ఆన్‌లైన్ అయింది. అవన్నీ పనికొచ్చేవే. కానీ నా సంగతి చెప్తాను, వీడియో ఒకపక్క ఆడుతుంటే నేను పేపర్లు దిద్దుకున్న రోజులున్నాయి, సర్టిఫికెట్ మాత్రం నిక్షేపంగా వచ్చింది. కోర్సులో నన్ను ఎదురు ప్రశ్న వేసేవాళ్ళు లేరు, గ్రూపులో ఉన్నారు.

ఫెట్ సిమ్యులేషన్ల గురించి, అంటే లెక్కలు, సైన్సు తెర మీద కదిలించి చూసుకునే బొమ్మల గురించి, తెలిసింది కూడా గ్రూపులోనే. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్ళవి, ఉచితం, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. నాలాంటివాళ్ళకి ముఖ్యమైన సంగతేంటంటే, ఇంటి దగ్గర డౌన్‌లోడ్ చేసుకుని వెళ్తే నెట్ లేని క్లాసులో కూడా నడుస్తాయి. మా బళ్ళో సిగ్నల్ కావాలంటే వేపచెట్టు కిందికి వెళ్ళాలి మరి.

మొన్న ఒకాయన పెట్టిన ఫొటోలో –5 – 3 = +8 అని ఉంది. రావాల్సింది –8. గుణకారంలో వాడాల్సిన 'మైనస్ మైనస్ ప్లస్' సూత్రం మహిమ. రెండు గంటలు ఎవరూ ఏమీ అనలేదు. చివరికి ఆయనే రాశారు: "సూత్రం నేను చెప్పిందే అండి, బోర్డు మీద బాక్సు కట్టి మరీ రాశాను."