కే, క్వాల్: మూడో వారం కూడా వీటికే పోయింది

స్పానిష్ ప్రశ్న పదాలు కే, క్వాల్‌లలో ఎక్కడ ఏది వాడాలో నాకు నేనే పెట్టుకున్న పరీక్షలో ఇరవై నాలుగుకి పన్నెండు. నిన్న రాత్రి ఫోన్లో రికార్డు చేసుకుని విన్నాక తేలిన లెక్క. నాణెం ఎగరేసి బొమ్మ పడితే 'కే', బొరుసు పడితే 'క్వాల్' అన్నా ఇంతే వచ్చేది. దీనికోసం 21 రోజులు కూర్చున్నాను.

మిగతా స్పానిష్ ప్రశ్న పదాలతో పేచీ లేదు. దోందే (ఎక్కడ), క్వాందో (ఎప్పుడు), కియేన్ (ఎవరు), కొమో (ఎలా) నోటికి వచ్చేశాయి. క్వాంతో, క్వాంతోస్ అంటే మన ఎంత, ఎన్ని.  పక్క పదాన్ని బట్టి క్వాంతా, క్వాంతాస్ అయ్యే దగ్గర అప్పుడప్పుడు జారుతున్నా, అంతే.

కొరుకుడు పడనిదల్లా కే ఎస్, క్వాల్ ఎస్ (ఎస్ అంటే ఇంగ్లిష్ 'ఈజ్'). ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో దీనికోసమే 24 కార్డులు చేశాను. ముందు తెలుగు ప్రశ్న, వెనక స్పానిష్. (ఇంగ్లిష్ ప్రశ్నతో వచ్చే రెడీమేడ్ కార్డులు మనకు దండగ, ఎందుకో కింద చెప్తా.)

మొదటి ఊహ: ఏంటి అంటే కే, ఏది అంటే క్వాల్. మామూలు క్రియలతో ఇది అచ్చు గుద్దినట్టు పనిచేస్తుంది. ఏం కావాలి? కే కియేరెస్? ఏది కావాలి? క్వాల్ కియేరెస్? ఆ ధైర్యంతోనే కొలంబియాలోని బొగోటా నుంచి ఆన్‌లైన్లో చెప్పే మా టీచరమ్మని 'కే ఎస్ సు నొంబ్రే' అని అడిగాను. నా లెక్కలో అది 'మీ పేరేంటి'. ఆవిడ నవ్వి, పేరంటే మనుషుల్ని పిలవడానికి వాడే మాట అని వివరించింది. అడగాల్సింది 'క్వాల్ ఎస్ సు నొంబ్రే'. ఆ రోజు మార్కులు 11.

రెండో ఊహ: తెలుగు పక్కనపెట్టి ఇంగ్లిష్‌లో ఆలోచిద్దాం, వాట్ అంటే కే, విచ్ అంటే క్వాల్. 10. ఇంకా దిగజారింది. పెరూ రాజధాని ఏది అని తెలుగులో అడిగితే 'క్వాల్ ఎస్ లా కాపితాల్ దే పెరూ' దానంతటదే వచ్చేది. మధ్యలో ఇంగ్లిష్ దూరి దాన్ని వాట్ చేసి పాడుచేసింది. రెడీమేడ్ కార్డుల మీద నా కోపం ఇదే.

మూడోది పుస్తకాల్లో ఉండే సూత్రం: కొన్నింట్లోంచి ఒకటి ఎంచుకోమంటే క్వాల్. 13. నీ పేరేంటి అన్నప్పుడు ఎదుటివాడు ఎన్ని పేర్లలోంచి ఎంచుకుంటాడండీ?

నాలుగోది స్నానం చేస్తుంటే తట్టింది. ప్రశ్నలో 'అంటే' ఇమిడితే కే ఎస్, ఇమడకపోతే క్వాల్ ఎస్. చిరునామా అంటే ఏంటి? కే ఎస్ ఉనా దిరెక్సియోన్? మీ చిరునామా ఏంటి? క్వాల్ ఎస్ సు దిరెక్సియోన్? తేడా ఏంటి, సమస్య ఏంటి, ఫోన్ నంబరెంత, అన్నీ క్వాల్ గూటికే. కాగితం మీద రాస్తే 19 వచ్చాయి. ఎగిరి గంతేశాను.

నిన్న అదే పరీక్ష నోటితో. కార్డుకి 3 సెకన్లు గడువు. వచ్చినవి 12. తప్పుపోయిన 12లో 8 క్వాల్ బదులు కే అన్నవి. ఒకటి ఫోన్ నంబరు దగ్గర. తెలుగులో 'ఎంత' అంటాం కదా, నోరు క్వాంతో అనేసింది. మిగతా 3 రివర్సు: 'ఇదేంటి', 'అదేంటి' లాంటివి. వాటిలో 'అంటే' ఇమడదు కాబట్టి క్వాల్ అన్నాను. కానీ ఎదురుగా ఉన్న తెలియని వస్తువేంటో అడిగేటప్పుడు 'కే ఎస్ ఎస్తో' అనాలి. నా సూత్రానికి ఇక్కడ చిల్లు పడింది.

రికార్డింగు మళ్లీ పెట్టి, కార్డు తిప్పిన చప్పుడు నుంచి నోరు తెరిచేదాకా ఎంత పట్టిందో చూశాను. సరైన జవాబులకు రెండు, రెండున్నర సెకన్లు. తప్పులు చాలావరకు ఒక సెకను లోపే. అంటే సూత్రం తెలీక కాదు, దాన్ని వాడేలోపే నోరు పరిగెడుతోంది. నా అనుమానం వాక్య క్రమం మీద. తెలుగులో 'మీ చిరునామా' అని నింపాదిగా మొదలుపెట్టి, ఏంటో ఏదో ఎంతో చివర్లో తేల్చుకోవచ్చు. స్పానిష్‌లో ఆ తీర్పు మొదటి మాటకే ఇచ్చేయాలి. వాళ్ల రాతలోనూ అంతే, ప్రశ్న మొదట్లోనే తలకిందుల ప్రశ్నార్థకం పెట్టేస్తారు. 1754లో వాళ్ల భాషా సంస్థ రాయల్ అకాడమీ పెట్టిన పద్ధతట. 'వస్తావా' అని ఆఖరి దీర్ఘం దాకా ఆగే మనకి ఈ తొందర అలవాటు లేదు.

ఇంకో చికాకు. నామవాచకం ముందు 'ఏ' వస్తే కే అని రాసుకున్నా: ఏ పుస్తకం, కే లీబ్రో. టీచరమ్మ మాత్రం హాయిగా 'క్వాల్ లీబ్రో' అంటుంది. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల అలాగే అంటారు, స్పెయిన్లో కే వైపే మొగ్గు. ప్రస్తుతానికి నేను కే దగ్గరే ఆగుతా, రెండు పడవల మీద కాళ్లు వద్దు.

శనివారం క్లాసులోపు 24 కార్డులూ తిరగరాయాలి. ఈసారి ముందువైపు తెలుగు ప్రశ్న ఉండదు, జవాబు ఉంటుంది: ఒక ఫోన్ నంబరు, ఒక వీధి పేరు, ఒక నిర్వచనం. జవాబు చూసి ప్రశ్న నేను అడగాలి. 'ఏంటి' కంటికి కనపడకపోతే నోరు అటు పరిగెట్టదని ఆశ. 'ఇదేంటి' రకానికి వేరే 6 కార్డులు, వంటింట్లో వస్తువుల ఫొటోలతో.

20 దాటితే 'ఎక్కడుంటాడో తెలీదు' వాక్యాల్లోకి దిగుతా. 'నో సే దోందే వీవే'. స్పానిష్ రాతలో ప్రశ్న పదాల అచ్చు మీద చిన్న గీత పెడతారు; అక్కడ కూడా దోందే మీద ఆ గీత పోదు, నేను మాత్రం ఇప్పటికి రెండుసార్లు మర్చిపోయాను.