పెరుగు పడుతుంది, పాలే పడవు

నాకు పాలు పడడం లేదని డాక్టరుగారు చెప్పినప్పుడు మా అమ్మ నమ్మలేదు. రెండు పూటలా గడ్డపెరుగుతో అన్నం తినేవాడికి పాలెందుకు పడవన్నది ఆవిడ ప్రశ్న.

నాకు అనుమానం కలిగించింది ఒక పెళ్లిభోజనం. పాలకోవా బిళ్లలు మూడు తిని బస్సెక్కిన గంటకు పొట్ట ఉబ్బి బెల్టు బిగుసుకుపోయింది. పక్క సీటాయనకు వినబడేంతగా కడుపులో గుడగుడలు మొదలయ్యాయి. ఆపై మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి, డ్రైవరును బతిమాలి బస్సు ఆపించుకోవలసి వచ్చింది.

పాలలోని చక్కెరను లాక్టోజ్ అంటారు. గ్లాసు పాలలో, అంటే సుమారు 200 మిల్లీలీటర్లలో, ఇది దాదాపు 10 గ్రాములుంటుంది. కోవా పాలను ఇగరగాచి చేసేది కనుక అందులో మరింత చిక్కగా ఉంటుంది. చిన్నపేగు లోపలి పొరలో తయారయ్యే లాక్టేజ్ అనే ఎంజైము విడగొడితే తప్ప ఈ చక్కెర రక్తంలోకి చేరదు. పసితనంలో పుష్కలంగా ఉండే ఆ ఎంజైము, తల్లిపాలు మానిన తరువాత చాలామందిలో క్రమంగా తగ్గిపోతుంది. అరగకుండా మిగిలిన లాక్టోజ్ పేగులోకి నీటిని లాగుతుంది, పెద్దపేగులోని బాక్టీరియా దాన్ని పులియబెట్టి వాయువులను పుట్టిస్తుంది. పాలు తాగిన అరగంట నుంచి కొన్ని గంటలలోపు వచ్చే ఉబ్బరం, నొప్పి, వికారం, నీళ్ల విరేచనాలు అన్నింటికీ మూలం ఇదే. ప్రపంచంలో సుమారు మూడింట రెండు వంతుల మందికి లాక్టోజ్ పూర్తిగా అరగదు కనుక దీన్ని రోగమనడానికి నాకు మనసొప్పదు.

తీవ్రమైన విరేచనాల తరువాత పేగు పొర దెబ్బతిని, ముఖ్యంగా పిల్లలలో, ఈ ఇబ్బంది తాత్కాలికంగా రావచ్చు. పొర కోలుకుంటే అదీ తగ్గుతుంది. పాల అలర్జీ మాత్రం వేరు: అది పాలలోని ప్రొటీన్ల వల్ల వచ్చేది, దద్దుర్లు, ఆయాసం దాకా వెళ్లగలదు. మలంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా నెపం పాలమీదకు నెట్టి ఊరుకోకూడదు.

ఇక అమ్మ ప్రశ్న. తోడులోని బాక్టీరియా పాలు పెరుగయ్యేలోపే కొంత లాక్టోజ్‌ను ఆమ్లంగా మార్చేస్తుంది, మిగిలినదాన్ని విడగొట్టడానికి మన పేగులోనూ సాయపడుతుంది. కాచిన నెయ్యిలోనైతే లాక్టోజ్ దాదాపు ఉండదు. ఇదంతా విని ఆవిడ, "అయితే కాఫీ కూడా మానేస్తావా?" అని అడిగింది. కాఫీలో పడే పావుగ్లాసు పాలు నన్నేమీ చేయవు. రాత్రి గ్లాసెడు పాలకు బదులు ఇప్పుడు మజ్జిగ ఇస్తోంది.