పూల వెంట ఓడలో

ఓడ ఎక్కేది మార్చి 30న అని ఏడాది ముందే ఖాయమైపోయింది. పూలు ఎప్పుడు పూయాలో మాత్రం ఎవరూ ఖాయం చెయ్యలేదు. ఈసారి మార్చిలో చలి ఎక్కువ. మేము జపాన్‌లో యోకొహామా రేవుకి వెళ్ళేసరికి సకురా, అంటే చెర్రీ పూల చెట్లన్నీ మొగ్గల మీదే ఉన్నాయి. మా ఆయన ఒక కొమ్మ కిందకి వెళ్ళి తల పైకెత్తి చూసి, "దీనికన్నా మన పెరట్లో మునగచెట్టే నయం" అన్నారు.

ఇందులో ఒక చిత్రం ఉంది. జపాన్‌లో ఊరూరా కనిపించే సకురా చాలావరకు ఒకటే రకం, సొమెయ్ యొషినొ. విత్తనం నుంచి కాదు, అంటు కట్టి పెంచుతారు, మన బంగినపల్లి మామిడిలాగా. అంటే లక్షల చెట్లు నిజానికి ఒక్క చెట్టే. అందుకే ఒక ఊళ్ళో పూస్తే అన్నీ ఒక్కసారే పూస్తాయి, రాలితే ఒక్కసారే రాలిపోతాయి. వాతావరణ శాఖ వాళ్ళు ప్రతి ప్రాంతంలో ఒక చెట్టుని గుర్తుగా పెట్టుకుని, దాని మీద ఐదారు పూలు విచ్చుకోగానే "పూత మొదలైంది" అని ప్రకటిస్తారు. అక్కణ్ణుంచి నిండుగా పూయడానికి వారం రోజులు. మొగ్గల మీద ఓడెక్కుతున్నాం కాబట్టి ఎక్కడో ఒకచోట పూలు మాకు ఎదురుపడతాయని నా లెక్క.

మా నాన్న విశాఖ పోర్టులో టగ్ మీద, అంటే పెద్ద ఓడల్ని లాగే పడవ మీద, సరంగుగా పనిచేశారు. చిన్నప్పుడు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఆ ఇరుకు కాలవలోకి ఓడల్ని ఎలా తెస్తారో ఒడ్డున నిలబడి చూసేదాన్ని. ఓడ లోపలినుంచి రేవుని చూడటం మాత్రం అరవై దాటాక ఇదే మొదలు. అందుకని ఓడలో స్విమ్మింగ్ పూలు, రాత్రిపూట డాన్సులు, పదకొండు రకాల కేకుల గురించి నేను పెద్దగా చెప్పలేను. మోకులు కట్టేటప్పుడు, విప్పేటప్పుడు మాత్రం రెయిలింగ్ దగ్గరే ఉన్నాను.

యోకొహామాలో ఓడ కట్టే ఒసన్‌బాషి రేవు కట్టడం చూడాల్సిందే. పైకప్పు అంతా చెక్క పరిచి, వాలుగా, అలల్లాగా ఉంటుంది. పైకి వెళ్ళడానికి మెట్లు ఎక్కక్కర్లేదు, నడుచుకుంటూ పోవడమే. ఆ పైకప్పుని తిమింగలం వీపు అంటారట. అయితే పెద్ద ఓడలన్నీ ఇక్కడికి రాలేవు. దారిలో ఉన్న బే బ్రిడ్జి నీళ్ళకి సుమారు 55 మీటర్ల ఎత్తులోనే ఉంది. అంతకన్నా ఎత్తైన ఓడలు వంతెనకి బయటే ఆగిపోవాలి. మాది మధ్యరకం ఓడ కాబట్టి దూరింది. పొగగొట్టం వంతెనకి తగులుతుందేమోనని డెక్ మీద సగం మంది ఊపిరి బిగబట్టారు.

మర్నాడు షిమిజు. ఇక్కడ ఆగేదే ఫ్యూజీ కొండ కోసం. 3,776 మీటర్ల కొండ మొత్తం మబ్బులో ఉంది, పాదాలు మాత్రం కనిపించాయి. పాదాలకి దణ్ణం పెట్టుకున్నాం. మిహొ నో మత్సుబర అనే సముద్రపుటొడ్డున పైన్ చెట్ల తోపుకి టూర్ బస్సులో తీసుకెళ్ళారు. ఒక దేవకన్య తన ఈకల వస్త్రాన్ని ఇక్కడే ఒక చెట్టుకి వేలాడదీసిందనీ, అది ఒక జాలరికి దొరికిందనీ, తిరిగి ఇవ్వడానికి ఆమె చేత నాట్యం చేయించుకున్నాడనీ కథ. 2013లో ఫ్యూజీకి ప్రపంచ వారసత్వ హోదా వచ్చినప్పుడు ఈ తోపుని కూడా కలిపారు. కొండ కనపడని రోజున తోపు ఒట్టి తోపే అనుకోండి. ఆకలేసి చేపల బజారుకి పోతే సకురా ఎబి అని గులాబిరంగు చిన్న రొయ్యలు, ఆ పక్కనున్న సురుగ అఖాతంలో పట్టినవి, పిండిలో ముంచి వేయించి పెట్టారు. కరకరలాడే రొయ్య పకోడీ. ఆ రోజు మాకు దొరికిన సకురా అదే.

మూడో రోజు ఊరి పేరు కొచి. "కొచ్చి చూడ్డానికి జపాన్ దాకా ఎందుకు, ఎర్నాకుళం రైలెక్కితే సరిపోయేది కదా" అని మా ఆయన జోకు. పొద్దున షటిల్ బస్సు కొండ మలుపు తిరిగేసరికి ఆ జోకు గొంతులోనే ఉండిపోయింది. ఏటి గట్టున చెట్లన్నీ పూశాయి. తెలుపు అనలేం, గులాబి అనలేం, పాలలో ఒక చుక్క కుంకుమ నీళ్ళు పడితే వచ్చే రంగు. ఆకు ఒక్కటి లేదు. కొచి కోట గుట్ట మీద ఉంది. 1727లో కాలిపోతే 1749లో మళ్ళీ కట్టారు. జపాన్‌లో పాతకాలం నాటి అసలు బురుజు మిగిలిన కోటలు పన్నెండే, ఇది వాటిలో ఒకటి. చెక్క మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయంటే నేను నాలుగు కాళ్ళ మీద ఎక్కాను. కింద చెట్ల నీడన నీలిరంగు పట్టాలు పరుచుకుని ఆఫీసువాళ్ళు, ముసలివాళ్ళు, పసిపిల్లల తల్లులు డబ్బాలు విప్పి తింటున్నారు. మన కార్తీక వనభోజనాలే, ఉసిరిచెట్టు బదులు సకురా.

హిరొమె మార్కెట్‌లో ఒకతను వరిగడ్డి మంట వేసి, మనిషెత్తు లేచే ఆ మంటలో కత్సువొ చేపని అటూ ఇటూ తిప్పి తీశాడు. అది మన సూర చేప జాతిదే. పైన కాలి, లోపల పచ్చిగా ఉంటుంది. ఉప్పు, పల్చగా కోసిన పచ్చి వెల్లుల్లితో తింటారు. పుట్టి బుద్ధెరిగి పచ్చి చేప ముట్టని నేను నాలుగు ముక్కలు తిన్నాను. గడ్డి పొగ వాసన వల్ల సంక్రాంతి భోగిమంట పక్కన కూర్చుని తిన్నట్టుంది. మా ఆయన ముట్టలేదు, వెల్లుల్లి మాత్రం తిన్నారు.

ఆ సంబరంలోనే టైము మర్చిపోయాం. ఇక్కడో మాట చెప్పాలి. రేవు దిగాక తిరగడానికి రెండు దారులు. ఓడవాళ్ళు అమ్మే టూరు తీసుకోవచ్చు. ఖరీదెక్కువ, జెండా వెనకాల గొర్రెల్లా నడవాలి, కానీ ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. లేదంటే సొంతంగా తిరగొచ్చు. చవక, హాయి, కానీ మీకోసం ఓడ ఆగదు. కొచిలో మేము సొంతంగా దిగాం. నాలుగున్నరకల్లా అందరూ ఓడలో ఉండాలి. హరిమాయ వంతెన అని ఊళ్ళో పేరున్న ఎర్ర వంతెన చూడబోతే అది పది అడుగుల్లో దాటేసేంత చిన్నది. దాన్ని చూసి నిరాశపడటం జపాన్ వాళ్ళకే ఒక ఆనవాయితీ అట. అక్కడ ఫొటోలు దిగి షటిల్ దగ్గరికి వస్తే క్యూ వీధి మలుపు దాటి ఉంది. మూడున్నర అయింది. ఊరి నుంచి రేవుకి అరగంట దారి. నాకు టెన్షన్‌తో కడుపులో తిప్పడం మొదలైంది, ఆ చేప కూడా ఒక చెయ్యి వేసినట్టుంది. రెండు బస్సులు నిండిపోయాయి. మూడోదాంట్లో నిలబడి, నాలుగూ ఇరవైకి ఓడ నిచ్చెన ఎక్కాం. పైకెళ్ళి చూస్తే రేవు మీద రంగురంగుల బట్టలేసుకున్న కుర్రకారు చేతుల్లో చెక్క చిడతలతో యొసకొయ్ నాట్యం చేస్తూ మాకు వీడ్కోలు చెప్తున్నారు. ఓడ కదిలాక కూడా చాలాసేపు చేతులూపుతూనే ఉన్నారు. తెలిసినవాళ్ళు ఒక్కరూ లేని ఊరు అది. అయినా నాకు ఏడుపొచ్చింది.

కోబేలో ఎక్కువసేపు తిరగలేదు, కాళ్ళ నొప్పులు. రేవు పక్కనే మెరికెన్ పార్కులో 1995 జనవరి 17 నాటి భూకంపానికి విరిగిపోయిన గట్టు ముక్కని అలాగే ఉంచారు. రాళ్ళు నీళ్ళలోకి జారి, దీపస్తంభాలు తాగినవాళ్ళలా ఒరిగి ఉన్నాయి. ఆ తెల్లవారుజామున 5.46కి వచ్చిన ఆ భూకంపంలో 6,400 మందికి పైగా పోయారు. సాయంత్రం ఓడ బయల్దేరాక అకషి వంతెన కిందనుంచి పోయాం. ఆ భూకంపం వచ్చేనాటికి ఆ వంతెన ఇంకా కడుతున్నారు. రెండు స్తంభాలూ లేచి ఉన్నాయి. నేల జరగడంతో వాటి మధ్య దూరం ఇంచుమించు ఒక మీటరు పెరిగిపోయింది. అందుకే 1,990 ఉండాల్సింది 1,991 మీటర్లు అయింది. దీపాల వెలుగులో తలెత్తి చూస్తుంటే ఆ ఒక్క మీటరే నా బుర్రలో తిరిగింది.

మర్నాడు పొద్దున నేను ఎదురుచూస్తున్నది వచ్చింది, కన్మొన్ జలసంధి. హొన్షు, క్యుషు దీవుల మధ్య సందు. ఇరుకైన చోట 700 మీటర్లు కూడా లేదు. అందులో ప్రవాహం రోజుకి నాలుగుసార్లు దిక్కు మారుతుంది. జోరుగా ఉన్నప్పుడు పది నాట్ల దాకా, అంటే గంటకి 18 కిలోమీటర్ల పైన, పోతుంది. ఒడ్డున పెద్ద ఎలక్ట్రిక్ బోర్డు. దాని మీద ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక అంకె, ఒక బాణం గుర్తు వరసగా వెలిగి ఆరుతున్నాయి. ప్రవాహం తూర్పుకా పడమరకా, ఎన్ని నాట్లు, పెరుగుతోందా తగ్గుతోందా, అంతే. నాన్న ఉంటే ఆ బోర్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. 1185లో ఇక్కడే తైరా, మినమొతొ వంశాల ఆఖరి యుద్ధం జరిగింది. ప్రవాహం తిరగబడటంతో గెలుపూ తిరగబడిందని చెప్పుకుంటారు. ఓడినవాళ్ళ పక్షాన ఉన్న పసి చక్రవర్తి అంతొకుని ఎత్తుకుని అమ్మమ్మ నీళ్ళలో దూకేసిందట. ఆ నీళ్ళ మీద ఇప్పుడు సరుకు ఓడలు, చేపల పడవలు సిటీ బస్సుల్లా ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

తర్వాత బుసాన్. జపాన్ యాత్రలో కొరియా ఎందుకంటే చట్టం. విదేశీ జెండా ఉన్న ఓడ జపాన్ రేవుల మధ్యే జనాన్ని తిప్పకూడదు, మధ్యలో ఒక పరాయి దేశపు రేవు తగలాలి. దీనివల్ల మనలాంటి పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి వచ్చే చిక్కు ఏమిటంటే, బుసాన్ వెళ్ళగానే జపాన్ నుంచి బయటికి వెళ్ళినట్టే. నాగసాకిలో మళ్ళీ లోపలికి రావాలి. ఒక్కసారికే పనికొచ్చే వీసా ఉంటే అంతే సంగతులు. మా ఏజెంటు అలాంటి వీసాకే కాగితాలు సిద్ధం చేశాడు. సంతకం పెట్టేముందు మా ఆయన రూటు మ్యాపు చూసి అనుమానపడ్డారు కాబట్టి బతికిపోయాం. మల్టిపుల్ ఎంట్రీ తీసుకున్నాం, కొరియా వీసా వేరే. ఇంత తంటా పడి బుసాన్‌లో చూసింది జగల్చి చేపల బజారు. అక్కడ అమ్మేవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళే. రబ్బరు చేతితొడుగులు, గట్టి గొంతులు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బేరమాడినట్టే ఉంది, భాష ఒక్కటే తేడా.

నాగసాకిలో ఓడ ఊరి నడిబొడ్డున ఆగుతుంది. ట్రామెక్కి బాంబు పేలిన చోటుకి వెళ్ళాం. 1945 ఆగస్టు 9, ఉదయం 11.02. ఆ పొద్దున విమానం మొదట వెళ్ళింది కొకుర అనే ఊరి మీదకి. అక్కడ నేల కనపడలేదని ఇటు తిప్పారు. ఇక్కడ 500 మీటర్ల ఎత్తున పేలింది. ఆ ఏడాది చివరికి 70 వేలమందికి పైగా పోయారు. ఒక నల్లరాతి స్తంభం, చుట్టూ సకురా చెట్లు. పూలు అప్పుడే రాలుతున్నాయి. ఎవరూ ఏమీ మాట్లాడటం లేదు.

అక్కణ్ణుంచి నడిచి సన్నొ గుడికి వెళ్ళాం. పేలిన చోటికి 800 మీటర్లు. గుడి రాతి తోరణంలో ఒక స్తంభం కూలిపోయింది, ఇంకోటి సగం తోరణంతో ఒంటికాలి మీద నిలబడి ఉంది. గుడి ముందు వందల ఏళ్ళనాటి రెండు మహావృక్షాలు. ఆనాడు కాలి మోడైపోయి, తర్వాత మళ్ళీ చిగిర్చాయి. కింద ఎర్రబారిన పాత ఆకులు రాలి ఉన్నాయి, పైన లేతాకులు. నాకేం తోచిందో, ఒక ఆకు తీసి వేళ్ళతో నలిపాను. హారతి వాసన. ముక్కుకి దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూశాను. అదే. అది కర్పూరం చెట్టు. చిన్నప్పటినుంచి రోజూ వెలిగించినదే, చెట్టుగా ఎప్పుడూ చూడలేదు. మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన వాసన చూసి, అలవాటుగా రెండు చేతులూ కళ్ళకి అద్దుకున్నారు.

తర్వాత ఒక రోజంతా సముద్రం. సముద్రం కోపంగా ఉంది, నేను మంచం మీద ఉన్నాను, అంతే.

ఏప్రిల్ 7న మళ్ళీ యోకొహామా. విమానం రాత్రికి. పెట్టెలు లాకర్లో పడేసి ఓఒక అనే ఏటి గట్టుకి వెళ్ళాం. ఎనిమిది రోజుల కిందట మొగ్గల మీద వదిలేసి వెళ్ళిన ఊరు. ఏటికి రెండు పక్కలా కొమ్మలు నీళ్ళ మీదకి వంగి, నిండుగా, ఒక్క మొగ్గ కూడా మిగలకుండా పూసి ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా రాలుతున్నాయి. నీళ్ళ మీద రేకులు ఒత్తుగా తెట్టుకట్టి కదులుతుంటే దాన్ని హన ఇకద, పూల తెప్ప, అంటారు.

మా ఆయన వంతెన మీద చాలాసేపు నిలబడి చూసి, "సముద్రం అటు కదా, ఇవి ఇటు వస్తున్నాయేమిటి?" అన్నారు.

"పోటు" అన్నాను.