పౌనఃపున్య పట్టిక: టాలీ గీతల కంటే ముందు తేల్చుకోవలసినవి

పౌనఃపున్య విభాజన పట్టిక (ఏ విలువలు ఎన్నిసార్లు వచ్చాయో చూపే పట్టిక) అనగానే చాలామంది పిల్లలు నేరుగా టాలీ గీతలు (ఒక్కో విలువకు ఒక్కో లెక్కగీత) మొదలుపెట్టేస్తారు. అసలు పని అంతకుముందే ఉంది. తరగతి (10–15 లాంటి విలువల గుంపు) పొడవు ఎంత, మొదటి తరగతి ఎక్కడ మొదలవ్వాలి, సరిగ్గా హద్దు మీద పడ్డ విలువ ఎటు వెళ్ళాలి అనే మూడు సంగతులు తేలాకే గీతలు గీయాలి. తర్వాత వచ్చే అంకగణిత సగటు, మధ్యగతం (క్రమంలో పెడితే నడిమి విలువ), బాహుళకం (ఎక్కువసార్లు వచ్చిన విలువ), సోపాన చిత్రం (పౌనఃపున్యాలను దీర్ఘచతురస్రాలుగా చూపే బొమ్మ) అన్నీ వాటిని బట్టే ఉంటాయి. చాలా లెక్కల్లో తరగతులు ముందే ఇచ్చేస్తారు కాబట్టి వీటి గురించి ఆలోచించే అవసరం పిల్లలకు రాదు. అందుకే ఇక్కడ ఒకే దత్తాంశాన్ని (సేకరించిన విలువలను) తీసుకుని మొదటినుంచీ చేద్దాం.

50 మార్కుల పరీక్షలో 40 మంది విద్యార్థులకు వచ్చిన మార్కులివి:

23, 41, 17, 35, 30, 28, 46, 12, 39, 30
25, 33, 20, 44, 31, 27, 38, 19, 30, 22
36, 29, 48, 15, 34, 40, 26, 32, 21, 37
30, 24, 43, 28, 33, 18, 35, 29, 40, 31

ముందుగా దీన్ని తరగతులుగా విడగొట్టాలా అక్కర్లేదా చూడాలి. ఇందులో 31 వేర్వేరు విలువలున్నాయి. వాటిలో 24 ఒక్కొక్కసారే వచ్చాయి. ఒక్కో మార్కుకూ ఒక్కో వరుస రాస్తే 31 వరుసల పట్టిక తయారవుతుంది, దాన్ని చూసినా ముడి దత్తాంశం చూసినా ఒకటే. కాబట్టి ఇక్కడ తరగతులు అవసరం. అదే ఒక పాచికను 40 సార్లు వేసిన ఫలితాలైతే విలువలు ఆరే ఉంటాయి. వాటిని 1–2, 3–4, 5–6 అని కలపడం తప్పు. ఉన్న సమాచారాన్ని ఊరికే పోగొట్టుకోవడం తప్ప ఏమీ ఒరగదు.

ఇక వ్యాప్తి, అంటే గరిష్ఠానికీ కనిష్ఠానికీ ఉన్న తేడా. గరిష్ఠం 48, కనిష్ఠం 12, వ్యాప్తి 36. గరిష్ఠ, కనిష్ఠ విలువల కోసం 40 సంఖ్యలనూ ఒకేసారి కళ్ళతో వెతకకండి. ఒక్కో వరుసలో పెద్దదీ చిన్నదీ పక్కన రాసుకుని వాటిలోంచి ఎంచుకుంటే పొరపాటుకు చోటుండదు.

ఎన్ని తరగతులు ఉండాలి? 1926లో హెర్బర్ట్ స్టర్జెస్ ఇచ్చిన సూత్రం ఒకటి వాడుకలో ఉంది: తరగతుల సంఖ్య = 1 + 3.322 × లాగ్ n. ఇక్కడ n (విలువల సంఖ్య) = 40, 10 ఆధారంగా దాని లాగ్ 1.602, కాబట్టి జవాబు దాదాపు 6.3. బడి స్థాయిలో ఈ సూత్రం కంఠతా పట్టనక్కర్లేదు. 5 నుంచి 10 వరకు తరగతులు వచ్చేలా, చేతితో లెక్కించడానికి అనువైన పొడవు (2, 5, 10, 20 లాంటివి) ఎంచుకుంటే చాలు.

పొడవు మారితే పట్టిక చెప్పే విషయమే మారుతుంది. ఇదే దత్తాంశానికి పొడవు 10 తీసుకుంటే 10–20, 20–30, 30–40, 40–50 తరగతుల్లో వరుసగా 5, 12, 16, 7 మంది వస్తారు. ఎక్కువమందికి 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చాయని తెలుస్తుంది గానీ, ఆ 16 మందీ 30 దగ్గర ఉన్నారో 39 దగ్గర ఉన్నారో తెలియదు. పొడవు 2 తీసుకుంటే 19 తరగతులు వస్తాయి, వాటిలో 14 తరగతుల్లో ఒకరో ఇద్దరో ఉంటారు. అప్పుడు ఆకారమే కనబడదు. నా దృష్టిలో ఈ దత్తాంశానికి 5 సరైన పొడవు. కనిష్ఠం 12 కాబట్టి 10 దగ్గర మొదలుపెడితే 10–15 నుంచి 45–50 దాకా ఎనిమిది తరగతులు వస్తాయి.

పొడవు 6 తీసుకునేవాళ్ళు ఒక చోట ఇరుక్కుంటారు. వ్యాప్తి 36 కదా, 36ని 6తో భాగిస్తే 6 తరగతులు చాలనుకుంటారు. 12–18తో మొదలుపెట్టి ఆరు తరగతులు రాస్తే చివరిది 42–48. ఎగువ అవధి (తరగతి పై చివర) విలువ ఆ తరగతిలోకి రాదు కాబట్టి 48 మార్కులు వచ్చిన విద్యార్థికి చోటే లేదు. ఏడో తరగతి 48–54 రాయాల్సిందే. పూర్ణసంఖ్యలకు వ్యాప్తిని కాకుండా వ్యాప్తికి 1 కలిపి భాగించాలి: 12 నుంచి 48 వరకు 37 సంఖ్యలున్నాయి, 37ని 6తో భాగిస్తే 6.17, అంటే 7 తరగతులు. మన పట్టికలో 45–50 చివరి తరగతి. ఎవరికీ 50 రాలేదు కాబట్టి సరిపోయింది. ఒక్కరికి వచ్చినా 50–55 తరగతి చేర్చాలి. పరీక్ష 50కే కదా, 55 ఎందుకని దాన్ని 45–50లో కలిపేస్తే ఆ ఒక్క తరగతికి మాత్రం నియమం మారిపోతుంది.

ఇక టాలీ గీతలు. 10–15 తరగతిలోకి వచ్చేవన్నీ వెతికి, తర్వాత 15–20వి వెతికి, ఇలా ఒక్కో తరగతికీ దత్తాంశమంతా తిరగేసే పద్ధతి మానిపించాలి. ఎనిమిది తరగతులకు ఎనిమిదిసార్లు 40 సంఖ్యలు చదవాలి, ఏదో ఒకసారి ఒక సంఖ్య జారిపోతుంది. మొదటి సంఖ్య 23 చదివి, 20–25 ఎదురుగా ఒక గీత గీసి, దత్తాంశంలో 23 మీద పెన్సిల్‌తో చిన్న అడ్డుగీత పెట్టి, తర్వాత 41కి వెళ్ళాలి. ఐదో గీతను ముందున్న నాలుగు నిలువు గీతల మీదుగా ఏటవాలుగా గీయాలి. ఐదు నిలువు గీతలు విడిగా గీసి ఆరోదాన్ని అడ్డంగా గీసేవాళ్ళున్నారు, అక్కడే కట్ట 5 బదులు 6 అవుతుంది.

వరుసకు పది సంఖ్యలున్నాయి కాబట్టి ఒక్కో వరుస అవ్వగానే గీతలు కూడి చూసుకోవచ్చు. మొదటి వరుస ముగిసేసరికి 30–35లో రెండు, 35–40లో రెండు, మిగిలిన ఆరు తరగతుల్లో ఒక్కోటి, మొత్తం పది ఉండాలి. తొమ్మిదే ఉంటే తప్పు ఆ పది సంఖ్యల్లోనే ఉంది. చివరిదాకా చేశాక మొత్తం 39 వస్తే మాత్రం 40 సంఖ్యలూ మళ్ళీ చూడాలి. పూర్తయిన పట్టిక ఇది:

10–15 : 1
15–20 : 4
20–25 : 5
25–30 : 7
30–35 : 10
35–40 : 6
40–45 : 5
45–50 : 2
మొత్తం : 40

హద్దు మీది విలువల సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం. 15, 20, 25 ఒక్కొక్కటి, 30 నాలుగు, 35 రెండు, 40 రెండు. అంటే 40లో 11 విలువలు సరిగ్గా తరగతుల సరిహద్దులో ఉన్నాయి, నాలుగో వంతు కంటే ఎక్కువ. మినహాయింపు తరగతుల్లో నియమం ఒక్కటే: దిగువ అవధి తరగతిలో ఉంటుంది, ఎగువ అవధి ఉండదు. 30 అనేది 25–30లోకి రాదు, 30–35లోకి వస్తుంది. నాలుగు 30లనూ రెండు చోట్లా లెక్కించిన విద్యార్థికి మొత్తం 44 వస్తుంది, తప్పు దొరికిపోతుంది. కానీ ఆ నాలుగింటినీ 25–30లో వేసి, మిగతావన్నీ సరిగ్గా వేసినవాడి సంగతి చూడండి. 25–30కి 11, 30–35కి 6 వస్తాయి. మొత్తం మాత్రం 40యే! మొత్తం సరిపోయింది కదా అని పట్టిక సరైనదనుకుంటాడు, కానీ బాహుళక తరగతి 30–35 నుంచి 25–30కి మారిపోయింది. అందుకని మొత్తం సరిచూడటంతో ఆగకుండా, టాలీకి ముందే దత్తాంశంలో హద్దు విలువల చుట్టూ సున్నాలు చుట్టి పెట్టుకోమని చెప్పాలి.

ఈ గొడవ లేకుండా 10–14, 15–19, 20–24 అని రెండు అవధులూ తరగతిలో ఉండేలా రాయవచ్చు. ఇవి విలీన తరగతులు. పూర్ణసంఖ్యలకు ఇవే సులువు, ఏ విలువ ఎక్కడ వేయాలో సందేహమే రాదు. అయితే ఇక్కడ తరగతి పొడవు 14 – 10 = 4 అని రాస్తారు, అది తప్పు. 10, 11, 12, 13, 14 ఐదు విలువలు, పొడవు 5. రెండు వరుస తరగతుల దిగువ అవధుల తేడా తీసుకుంటే (15 – 10) ఏ రకం తరగతులకైనా సరైన పొడవే వస్తుంది.

సోపాన చిత్రానికి గానీ మధ్యగతానికి గానీ విలీన తరగతులను హద్దుల్లోకి మార్చాలి. ఒక తరగతి ఎగువ అవధికీ తర్వాతి తరగతి దిగువ అవధికీ మధ్య ఖాళీ 1, అందులో సగం 0.5. దాన్ని దిగువ అవధి నుంచి తీసివేసి, ఎగువ అవధికి కలిపితే 9.5–14.5, 14.5–19.5 అవుతాయి. ఎప్పుడూ 0.5 అని గుడ్డిగా వాడకూడదు. కొలతలు ఒక దశాంశ స్థానం దాకా ఉండి తరగతులు 10.0–14.9, 15.0–19.9 అయితే ఖాళీ 0.1, సవరణ 0.05.

ఇప్పుడు సగటు. ముడి దత్తాంశం మొత్తం 1219, 40తో భాగిస్తే అసలు సగటు 30.475. మన 10–15, 15–20 పట్టికలో మధ్య విలువలు 12.5, 17.5 అని తీసుకుంటే మొత్తం 1245, సగటు 31.125. అవే పౌనఃపున్యాలతో తరగతులను 10–14, 15–19 అని రాస్తే మధ్య విలువలు 12, 17 అవుతాయి, సగటు 30.625. ఒక్క విద్యార్థి కూడా తరగతి మారలేదు, అయినా సగటు సరిగ్గా అర మార్కు తగ్గింది. కారణం ఏమిటంటే, మార్కులు పూర్ణసంఖ్యలైనప్పుడు 10–15 తరగతిలో పడగలిగేవి 10 నుంచి 14 వరకే, వాటి నడిమి విలువ 12. 12.5 అనేది 10 నుంచి 15 దాకా ఏ విలువైనా రాగల కొలతలకు, అంటే పొడవులకు, బరువులకు సరిపోతుంది. పరీక్షలో 10–15 అని ఇస్తే 12.5 తీసుకోవాల్సిందే, మార్కులు దానికే వేస్తారు. కానీ సొంతంగా పట్టిక తయారుచేసేటప్పుడు పూర్ణసంఖ్యలకు విలీన తరగతులే మేలని నేను గట్టిగా చెబుతాను.

మిగిలిన తేడా, 30.475కీ 30.625కీ మధ్యది, తరగతులుగా విడగొట్టినందుకు తప్పనిది. తరగతిలోని వాళ్ళందరూ మధ్య విలువ దగ్గరే ఉన్నారని మనం ఒప్పుకుంటున్నాం. పట్టికలోంచి ముడి దత్తాంశాన్ని మళ్ళీ రాబట్టలేం కాబట్టి అసలు మార్కుల కాగితం పారేయకుండా పట్టికతోపాటే ఉంచాలి.

మధ్యగతంలో ఈ తేడా ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. ఆరోహణ సంచిత పౌనఃపున్యాలు (మొదటి తరగతి నుంచి కూడుకుంటూ వచ్చిన మొత్తాలు) 1, 5, 10, 17, 27, 33, 38, 40. వీటిని ఎప్పుడూ ఎగువ హద్దు ఎదుటే రాయాలి: 30 కంటే తక్కువ వచ్చినవాళ్ళు 17 మంది, 35 కంటే తక్కువ 27 మంది. n/2 = 20, 20వ విద్యార్థి పడేది 30–35లో, కాబట్టి మధ్యగత తరగతి అదే. దాని దిగువ హద్దు 30, దానికి ముందు 17 మంది, అందులో 10 మంది, పొడవు 5, కాబట్టి మధ్యగతం 30 + (20 – 17)/10 × 5 = 31.5. ముడి దత్తాంశాన్ని క్రమంలో పెడితే 20వ, 21వ విలువలు రెండూ 30, అసలు మధ్యగతం 30. సూత్రం ఎందుకు ఇంత పక్కకు పోయింది? తరగతిలోని పదిమందీ 30 నుంచి 35 దాకా సమానంగా పరుచుకుని ఉన్నారని అది అనుకుంటుంది. వాళ్ళ మార్కులు 30, 30, 30, 30, 31, 31, 32, 33, 33, 34. పదిలో నలుగురు దిగువ అవధి మీదే ఉన్నారు.

అందుకే విలువలు ఏదైనా సంఖ్య దగ్గర గుమిగూడితే ఆ సంఖ్య తరగతి అంచున కాకుండా నడుమ ఉండేలా చూడాలి. 8–12, 13–17, 18–22, 23–27, 28–32 ఇలా 48–52 దాకా రాస్తే 30 ఒక తరగతికి మధ్య విలువ అవుతుంది. పౌనఃపున్యాలు 1, 2, 5, 5, 11, 7, 5, 3, 1. తరగతులు తొమ్మిదవుతాయి, మధ్యగతం 27.5 + (20 – 13)/11 × 5, దాదాపు 30.7. అసలు విలువకు బాగా దగ్గరికొచ్చింది. మనుషులు చదివి రాసే కొలతల్లో ఈ గుమి తరచుగా ఉంటుంది. ఎత్తులు, బరువులు, వయసులు 0తో గానీ 5తో గానీ ముగిసేలా సర్దేసి చెప్పడం మామూలే.

ఏ తరగతిలోనైనా ఎవరూ లేకపోతే దాన్ని తీసేయకండి, 0 రాసి ఉంచండి. ఆ వరుస లేకపోతే సోపాన చిత్రంలో రెండు దూరపు తరగతులు పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. «10 లోపు», «40, ఆపైన» లాంటి తెరిచిన తరగతులు ఉంటే వాటికి మధ్య విలువ ఉండదు, సగటు కట్టలేం. మధ్యగత తరగతి అది కాకపోతే మధ్యగతానికి మాత్రం అడ్డులేదు.

చివర్లో తక్కువమంది ఉన్నారని 40–45, 45–50 రెండింటినీ 40–50గా కలిపితే పౌనఃపున్యం 7. సోపాన చిత్రంలో దాన్ని 7 ఎత్తున గీస్తే పక్కనున్న 35–40 (6 మంది) కంటే ఎత్తుగా నిలబడుతుంది, మార్కులు మళ్ళీ పెరిగినట్టు కనిపిస్తుంది. పొడవు రెట్టింపైంది కాబట్టి ఎత్తు 7 × 5/10 = 3.5 తీసుకోవాలి. అప్పుడు ఆ దీర్ఘచతురస్రం వైశాల్యం, విడివిడిగా 5, 2 ఎత్తుల్లో గీసిన రెండింటి వైశాల్యంతో సరిగ్గా సమానమవుతుంది.