వశిష్ఠ మీదుగా అంతర్వేదికి: దిండి మజిలీలో తాళ్లు, లంగర్లు, ఇంజను పని

పడవ 22 అడుగుల ఫైబరు. వెనక 9.9 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డు ఇంజను. సిద్ధాంతం ఊరి నుంచి గోదావరి పాయ వశిష్ఠ వెంట అంతర్వేది దాకా దారి. ప్రస్తుతం దిండిలో, కోనసీమ వైపు గట్టున కట్టి ఉంది.

దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీళ్లు వదిలే రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజీ నీళ్లు దాదాపుగా కాలువలకే పోతాయి. ఆ నెలల్లో ఈ కింది పాయను నడిపించేది సముద్రమే. పాటుకు (సముద్రం తీసినప్పుడు) నీళ్లు నరసాపురం వైపు దిగుతాయి, పోటుకు (సముద్రం పొంగినప్పుడు) వెనక్కి ఎక్కుతాయి. వాలు ఒకే వైపు అనుకుని కట్టిన పడవ ఆరు గంటలు తిరిగేసరికి అడ్డం పడుతుంది. ఇక్కడ తాడు పని అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే ఉంటుంది.

పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. తిథికి రెండు ఘడియల చొప్పున లెక్కేసుకుంటే 48 నిమిషాలు, అది చాలు. కాకినాడ పోటు పట్టికలో వేళను ఉన్నదున్నట్టు వాడకూడదు. నదిలోకి పోటు ఎక్కి రావడానికి టైము పడుతుంది. గట్టు దగ్గర ఒక వెదురు కర్ర పాతి, అంగుళాల గుర్తులు పెట్టి, ఒక్క పోటు చూస్తే ఎంత ఎక్కుతుందో తెలిసిపోతుంది. ఒక్క జాగ్రత్త: కర్ర మీద మట్టం దిగడం మొదలయ్యాక కూడా ప్రవాహం కాసేపు ఎగువకే నడుస్తుంది. కాబట్టి కదిలేముందు నీళ్ల మీద గుప్పెడు కొబ్బరి పీచు వేసి ఎటు పోతుందో చూడాలి. పంటు (రేవు దాటించే పెద్ద పడవ) నడిపే సరంగు కనిపిస్తే “పోటు ఎప్పుడు తిరుగుద్దండీ?” అని అడగడం అన్నిటికన్నా తేలిక.

గట్టుకు చేరేటప్పుడు ప్రవాహానికి ఎదురుగానే రావాలి. ఎదురు వస్తే ఇంజను నడుస్తున్నా పడవ గట్టు పక్కన నిలిచినట్టే ఉంటుంది, నింపాదిగా తాడు అందించవచ్చు. వాలులో వస్తే ఆపడానికి రివర్సు వేయాలి, అప్పుడు పడవ మాట వినదు. పంటు రేవు పక్కన మాత్రం కట్టొద్దు. పంటు తిరిగినప్పుడల్లా వచ్చే అల పడవను మెట్ల మీదికి కొడుతుంది.

తాళ్లు నాలుగు: ముందు ఒకటి, వెనక ఒకటి, మధ్యలో ఏటవాలుగా ఎదురెదురు దిక్కులకు రెండు. పడవ ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టి ఉంచేవి ఆ ఏటవాలు తాళ్లే. ఒక్కోటి నీటిమట్టం తేడాకు కనీసం మూడు రెట్లు పొడవుండాలి. కాకినాడ తీరంలో పున్నమి, అమావాస్యలకు ఆ తేడా మీటరు దాటుతుంది, నది పైకి వచ్చేకొద్దీ తగ్గుతుంది. పొట్టి తాడుతో కడితే పాటుకు పడవ తాడుకు వేలాడి, తాడు కట్టే కొక్కెం బోల్టులతో సహా ఊడొస్తుంది. మెట్టు మీద ఒరిగి కూర్చున్న పడవ మరీ ప్రమాదం, పోటు వచ్చినప్పుడు అది తేలేలోపే వాలిన అంచు మీంచి నీళ్లు లోపలికొస్తాయి.

తాడు 12 మిల్లీమీటర్ల నైలాన్. సాగుతుంది కాబట్టి కుదుపు తీసుకుంటుంది. వలల దుకాణాల్లో చవగ్గా దొరికే ఆకుపచ్చ ప్లాస్టిక్ తాడు నీళ్ల మీద తేలి ఇంజను ఫ్యానులోకి (ప్రొపెల్లరు) పోతుంది, ఎండకు పొడిపొడిగా రాలుతుంది. కొబ్బరి చెట్టుకు కట్టాల్సి వస్తే చెట్టు మొదలుకు రెండు చుట్లు గోనెపట్టా చుట్టి, దాని మీద తాడు వేయాలి. రాతిమెట్టు అంచు తగిలే చోట తాడుకు అరమీటరు నీళ్ల పైపు తొడగాలి. ఒక్క రాత్రి ఒరుసుకున్నా తాడు పోగులు లేస్తాయి.

గట్టు దొరకని చోట లంగరే గతి. కొక్కేల లంగరు ఈ మెత్తటి బురదలో పట్టదు, దున్నుకుంటూ వచ్చేస్తుంది. వెడల్పు రేకుల లంగరు, దానికి 3 మీటర్ల గొలుసు, ఆపైన తాడు ఉండాలి. పొడవు పాటు లోతుకు కాదు, పోటు లోతుకు లెక్కేయాలి: లోతు రెండున్నర మీటర్లు, ఎక్కే నీళ్లు ఒక మీటరు, పడవ ముక్కు ఎత్తు అరమీటరు, మొత్తం నాలుగు. దానికి ఆరు రెట్లు, 24 మీటర్లు. రాత్రి ఉండాలంటే రెండు లంగర్లు, ఒకటి ఎగువకు, ఒకటి దిగువకు, రెండూ పడవ ముందు నుంచే. రెండోది వెనక కడితే పక్కగాలికి పడవ ప్రవాహానికి అడ్డంగా నిలబడి రెండు లంగర్లనూ లాగేస్తుంది.

గుర్రపుడెక్క మీద కన్నేసి ఉంచాలి. లంగరు తాడుకు ఒక తెప్పంత చిక్కుకుంటే బరువుకు లంగరు జారుతుంది. గెడతో పక్కకు తోసేయాలి. వల్ల కాకపోతే తాడు చివర ఖాళీ డబ్బా కట్టి వదిలేసి, తర్వాత వచ్చి తెచ్చుకోవాలి.

ఈ మజిలీలో ఇంజను పని. ఫ్యాను నట్టు విప్పి చూస్తే వెనక టంగూసు (చేపలు పట్టే నైలాన్ దారం) చుట్టుకుని ఉంది. ఈ పాయలో ఇది మామూలే. సన్నటి దారం షాఫ్టు సీలును కోస్తుంది, గేరు ఆయిల్లోకి నీళ్లు దిగుతాయి. కింది స్క్రూ వదులు చేసి నాలుగు చుక్కలు వేలి మీద పట్టి చూడాలి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే సీలు పోయింది, పడవ కదపొద్దు. ఇక్కడ ఆయిలు శుభ్రంగానే ఉంది. మార్చేటప్పుడు కొత్త ఆయిలు కింది రంధ్రం నుంచి పైకి ఎక్కించాలి, లేకపోతే లోపల గాలి నిలుస్తుంది. పై రంధ్రంలో కనిపించాక ముందు పై స్క్రూ బిగించి, తర్వాతే కిందిది.

చల్లార్చే నీళ్ల ధార సన్నగా వస్తుంటే ఆ నీళ్లు తోడే రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లరు, మార్చేశాం. ఇసుక మేటల మీద నడిచిన ఇంజనుకు రెక్కల అంచులు అరిగిపోతాయి. కొత్తదానికి సబ్బునీళ్లు రాసి, షాఫ్టు తిరిగే దిక్కుకే తిప్పుతూ దించాలి. పొడిగా వేస్తే మొదటి స్టార్టుకే రెక్కలు కాలతాయి.

దిండి నుంచి పోటు తిరగ్గానే బయల్దేరితే పాటు నరసాపురం దాటిస్తుంది, పెట్రోలు మిగులుతుంది. తెల్లవారుజామున పాటు దొరికే రోజు చూసుకోవాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎగువకు వీస్తుంది, పాటు దానికి ఎదురెళ్లి పొట్టి అలలు లేపుతుంది, ఈ సైజు పడవకు అవి మంచివి కావు. నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా పోకుండా, ముందే పల్లిపాలెం దగ్గర ఆగాలి. అక్కడి బావుల్లో ఉప్పు తగులుతుంది కాబట్టి 20 లీటర్ల మంచినీళ్ల టిన్నులు రెండు నరసాపురంలోనే ఎక్కించుకోవాలి.